కాకినాడ మెయిన్ రోడ్డుకి వసారాలు కావాలి

గుడి గోపురం బీటవారితే ఊరంతా చందాలు వేసుకుంటుంది. కోట బురుజు కూలితే పేపర్లో ఫొటో పడుతుంది. మెయిన్ రోడ్డులో వందేళ్ల నాటి కొట్టుని జేసీబీ పెట్టి పడగొడుతుంటే మాత్రం ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుని పక్కనుంచి నడుస్తూ, "ఏం కడుతున్నారండీ, షోరూమా?" అని అడిగి ముందుకి వెళ్లిపోతాం. ఎవరి ఆస్తి వాళ్లది, అమ్ముకుంటారో పడగొట్టుకుంటారో వాళ్లిష్టం, మధ్యలో మనకెందుకు అనుకుంటాం. మనకి ఎందుకు పట్టాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా వాదన ముందే చెప్పేస్తాను. పాత మెయిన్ రోడ్డులో కాపాడుకోవలసినవి మూడున్నాయి. కొట్టు ముందు వసారా, కొట్టు వెడల్పు, మేడ మీద ఇల్లు. పిట్టగోడ మీది తామరపూలూ నెమళ్లూ నాకూ ఇష్టమే, కానీ అవి వీటి తర్వాతే. ఈ మూడూ ఉన్నంతకాలం అది నలుగురూ బతికే వీధి. అవి పోతే వాహనాలు పోయే రోడ్డు. ఇంకో మాట, యజమాని చేతికి డబ్బు అందే దారి చూపించకుండా "వారసత్వ కట్టడం" అని ఎన్ని బోర్డులు పెట్టినా ఒక్క కొట్టు కూడా నిలబడదు.

కాకినాడని ఏ రాజూ కట్టలేదు. రాజులు పిఠాపురంలో, పెద్దాపురంలో ఉండేవారు. ఇక్కడున్నది సముద్రం, ఉప్పుటేరు, వాటి ఒడ్డున కొన్ని పేటలు. ఏటికి అవతల జగన్నాథపురంలో డచ్చివాళ్లు చాలాకాలం వ్యాపారం చేసి, 1825లో ఇంగ్లిషువాళ్లకి అప్పజెప్పి వెళ్లిపోయారు. అప్పట్లో ఈ తీరంలో పేరున్న రేవు కోరంగి. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి కోరంగిని ఊడ్చేసింది. ఉప్పెన తర్వాత మిగిలిన రేవుని గౌతమి తెచ్చిపోసే ఒండ్రు పూడ్చేసింది. ఓడలు మెల్లగా ఉత్తరానికి జరిగి కాకినాడ ఎదురుగా లంగరు వేయడం మొదలుపెట్టాయి. ఒడ్డు దగ్గర లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడ దూరంగా ఆగేది, సరుకంతా పడవల మీద అక్కడికి చేరేది. ముందు హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండటం వల్ల అలల పోటు తక్కువ. ఆ లంగరు రేవు ఇప్పటికీ పనిచేస్తోంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొరని మనం వరి చేలతోనే తలుచుకుంటాం. ఆ కాలవలు నీళ్లిచ్చినట్టే దారులు కూడా ఇచ్చాయి. గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని లాగే పడవల్లో ధాన్యం, నూనెగింజలు, పొగాకు, పత్తి లాకులు దాటుకుంటూ కాకినాడ చేరేవి. సరిగ్గా అప్పుడే, 1861లో, అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఇంగ్లండు మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి. యుద్ధం నడిచిన నాలుగేళ్లలో కాకినాడ రేవు దశ తిరిగింది. 1860ల్లోనే బ్యాంక్ ఆఫ్ మద్రాస్ ఇక్కడ శాఖ తెరిచింది. 1866లో మునిసిపాలిటీ ఏర్పడింది. దొరల కంపెనీలు ఏటి ఒడ్డున గోడౌన్లు కట్టుకుంటే, వాళ్లకి సరుకు సమకూర్చే మన షావుకార్లు లోపలి వీధుల్లో కొట్లు కట్టుకున్నారు. మెయిన్ రోడ్డు ఆ డబ్బుతో లేచిన వీధి.

రంగం, అంటే బర్మాలోని రంగూన్, సంగతి కూడా ఇందులో ఉంది. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి వేలమంది కూలీలు కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్లేవారు. అటు నుంచి టేకు వచ్చేది. ఇటు భద్రాచలం మన్యం నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి దించే టేకు ఉండనే ఉంది. పాత కొట్లలో తలెత్తి చూస్తే కనిపించే దూలాలు ఆ రెండు అడవుల నుంచి వచ్చినవే. ఇవాళ అలాంటి దూలం కొనాలంటే ఎంతవుతుందో టింబర్ డిపోలో అడిగి చూడండి. పడగొట్టే కాంట్రాక్టరు కొన్నిసార్లు యజమానికి ఎదురు డబ్బిచ్చి మరీ పడగొట్టేది ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

తర్వాత దెబ్బ మీద దెబ్బ తగిలింది. 1933లో విశాఖపట్నం హార్బరు తెరుచుకుంది. 1942కల్లా జపాన్ యుద్ధంతో బర్మా దారి మూసుకుపోయింది. కాకినాడ పెద్ద వ్యాపారం చిన్నబోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మెయిన్ రోడ్డులో పాతది పడగొట్టి కొత్తది కట్టేంత డబ్బు ఎవరి దగ్గరా ఆడలేదు. కొట్లు మిగలడానికి అదే కారణం. 1980ల తర్వాత ఎరువుల ఫ్యాక్టరీలు, ఆ వెనక గ్యాసు, వంటనూనెల రిఫైనరీలు వచ్చి ఊళ్లో డబ్బు తిరగడం మొదలయ్యాకే మెయిన్ రోడ్డు మీద గునపం దెబ్బ పడింది. మనవాళ్లు పాతదాన్ని ప్రేమించి నిలబెట్టారని నేను ఎప్పుడూ అనుకోలేదు. చేతిలో డబ్బు లేకపోవడం నిలబెట్టింది. ఇప్పుడు డబ్బుంది కాబట్టి, నిలబెట్టాలంటే కావాలని నిలబెట్టాలి.

మా నాన్న ఈ వీధిలోనే ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తాగా పనిచేసేవారు. ఆ కొట్టు నాకు బాగా తెలుసు కాబట్టి దాని గురించే చెబుతాను. రోడ్డు మీంచి నాలుగు మెట్లెక్కితే వసారా. 6 అడుగుల వెడల్పు ఉంటుంది. నున్నటి సున్నపు గచ్చు, ముందు మూడు కమానులు. వసారా దాటితే కొట్టు. 12 అడుగుల వెడల్పు, లోపలికి మాత్రం చాలా పొడుగు. ముందు భాగంలో జంపఖానా పరిచి, మీద తెల్లదుప్పటి, బాలీసులు. ఒక మూల గల్లాపెట్టె. గోడలకి నిలువెత్తు టేకు బీరువాల్లో తానులు. వెనక చీకటి గదిలో బేళ్లు. ఆ వెనక చిన్న నుయ్యి, దొడ్డి, సందులోకి తలుపు. సరుకు బండి ఆ సందులో ఆగేది, కొనేవాళ్లు ముందు నుంచి వచ్చేవాళ్లు. ఒకరికొకరు అడ్డం వచ్చేవారు కాదు.

రాత్రి కొట్టు కట్టేయడం చూడ్డానికి చిన్నప్పుడు నాకు భలే సరదాగా ఉండేది. షట్టరు లేదు. గడపలోనూ పైకమ్మీలోనూ ఒక గాడి. ఆ గాడిలో నిలువు చెక్క పలకలు ఒక్కొక్కటే ఎక్కించి పక్కకి జరపాలి. ప్రతి పలక మీదా తెల్లరంగుతో అంకె, ౧, ౨, ౩ అంటూ. వానాకాలం చెక్క ఉబ్బుతుంది కాబట్టి వరస తప్పితే చివరిది పట్టదు. చివరి పలకలో చిన్న తలుపు ఉండేది. ఆవర్జా లెక్కలు తేలేదాకా గుమాస్తాలు లోపలుండి, ఆఖరికి వంగుని ఆ తలుపులోంచి బయటికొచ్చి తాళం వేసేవారు. పగలు ఆ పలకలన్నీ తీసేస్తే కొట్టుకి ముందు గోడ అంటూ ఉండేది కాదు. కొట్టూ వసారా ఒకటైపోయేవి. కొనడానికి వచ్చినవాడు, ధర కనుక్కోవడానికి వచ్చినవాడు, ఎండకి నిలబడ్డవాడు అందరూ అక్కడే. గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్లాలంటే కొనే ఉద్దేశం ఉండాలి. వసారా ఎక్కడానికి ఏ ఉద్దేశమూ అక్కర్లేదు.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం మెయిన్ రోడ్డులో నడిచి చూస్తే వసారా విలువ ఒంటికే తెలుస్తుంది. పాతరోజుల్లో మసీదు సెంటరు వైపు నుంచి వస్తూ, కొట్టు వసారా నుంచి పక్క కొట్టు వసారాలోకి అడుగేస్తూ చాలా దూరం ఎండ తగలకుండా పోవచ్చని పెద్దవాళ్లు చెప్పేవారు. నా చిన్నప్పటికి అక్కడక్కడా తెగిపోయింది కానీ, ఇంకా ముక్కలు ముక్కలుగా ఉండేది. వానొచ్చినా అంతే. ఆ వసారాలో చెప్పులు కుట్టే ఆయన, పూలమ్మే ఆవిడ, తాళంచెవులు చేసే కుర్రాడు ఉండేవారు. షావుకారు వాళ్లని పొమ్మనేవాడు కాదు, వాళ్ల కోసం వచ్చే జనం తన కొట్టు ముందు ఆగుతారని ఆయనకి తెలుసు. ఆ నాలుగు మెట్ల ఎత్తు కూడా సోకు కాదు. ఉప్పుటేరు పక్కన, సముద్రమట్టానికి కాస్త పైన ఉన్న ఊరు మనది. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లకి ఆ మెట్లు ఎందుకో చెప్పక్కర్లేదు. ఇప్పుడు కట్టే షోరూముల గచ్చు రోడ్డుతో సమానంగా ఉంటోంది, కొన్ని చోట్ల సెల్లార్లు తవ్వుతున్నారు. చినుకు పడితే మోటార్లు పెట్టి తోడుకుంటున్నారు.

కొట్టు వెడల్పు 10, 12 అడుగులే ఎందుకు? టేకు వాసం ఆ మాత్రం దూరమే వంగకుండా నిలుస్తుంది కాబట్టి. చెక్క పెట్టిన కొలత అది. కానీ వ్యాపారానికి ఆ కొలత బ్రహ్మాండంగా కుదిరింది. 12 అడుగుల కొట్టు అద్దెకి తీసుకోవడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. గుమాస్తాగా చేరి పదేళ్లు పని నేర్చుకున్నవాడు పక్క సందులో సొంతంగా పెట్టుకోగలడు. ఈ వీధిలో చాలా వ్యాపారాలు అలా మొదలైనవే. 120 అడుగుల ముందుభాగంలో పది కొట్లుంటే పది కుటుంబాలు, పది రకాల సరుకు, పది గల్లాపెట్టెలు. అదే 120 అడుగులు ఒకే షోరూమ్ అయితే ఒక బ్రాండు, ఒక గాజు గోడ, జీతానికి నిలబడే పిల్లలు. ఆ ఒక్కటీ మూతపడితే వీధిలో అంత మేరా చీకటే. రాజమండ్రి తాడితోటలో హోల్‌సేల్ బట్టల కాంప్లెక్స్ చూడండి. వందల కొట్లు, అన్నీ చిన్నవే. సొంతంగా కట్టుకునే అవకాశం వచ్చినప్పుడు కూడా వ్యాపారులు చిన్న కొట్టునే ఎంచుకున్నారంటే అందులో లెక్క ఉంది.

మేడ మీద ఇల్లు సంగతి త్వరగా చెప్పేస్తాను. కింద కొట్టు, మీద కాపురం. మధ్యాహ్నం భోజనానికి షావుకారు మేడెక్కేవారు. మేడ వరండాలోంచి మామ్మగారు కింద జరిగేదంతా చూస్తూండేవారు. రాత్రి పదింటికి కూడా కిటికీల్లో దీపాలుండేవి కాబట్టి సెకండ్ షో చూసి నడిచొచ్చే ఆడవాళ్లకి భయం ఉండేది కాదు. ఇప్పుడు మేడ మీద గోడౌన్లు, ఏసీ మిషన్లు. తొమ్మిదిన్నరకి షట్టర్లు పడ్డాక ఆ రోడ్డులో మనిషి కనిపించడు.

ఇక గోడల సంగతి. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే "పాతబడిపోయింది, కూలిపోయేలా ఉంది" అన్న మాటే ప్రతి కూల్చివేతకీ మొదటి కారణం.

ఆ గోడలు ఇటుక, సున్నం. మన సున్నం ఎక్కువగా గుల్లసున్నం. కాకినాడ అఖాతంలో దొరికే గుల్లలు కాల్చి, నీళ్లలో నానబెట్టి, ఇసుక కలిపి ఎడ్ల గానుగలో తిప్పేవారు. పైపూతకి కరక్కాయ నానిన నీళ్లు, బెల్లపు నీళ్లు పోసేవారు. మేడకప్పు మద్రాస్ టెర్రస్. టేకు వాసాల మీద సన్నటి చిన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, సున్నంతో ఏటవాలు వరసల్లో పేర్చి, మీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసి, ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. ఇనప కడ్డీ ఒక్కటి కూడా ఉండదు.

ఉప్పుగాలి ఊరిలో ఆ చివరి మాటే ముఖ్యం. సముద్రం పక్కన కట్టిన కాంక్రీటు శ్లాబులోకి ఉప్పూ తేమా చేరి లోపలి కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని లోపల్నుంచి పగలగొడుతుంది. 1970ల్లో, 80ల్లో కట్టిన బిల్డింగుల సన్‌షేడ్లు పెచ్చులూడి కడ్డీలు బయటపడటం కాకినాడలో ఏ వీధిలోనైనా చూడొచ్చు. వందేళ్ల టేకు వాసాలు వాటి పక్కనే గట్టిగా ఉన్నాయి. చెదపురుగు పట్టినవి, వాన కారి కుళ్లినవి లేవని అనను. అవి విడిగా మార్చుకోగలిగినవి. శ్లాబు పాడైతే మొత్తం పోయినట్టే.

జగన్నాథపురంలో పెద్దవయసు తాపీ మేస్త్రి ఒకాయన ఉన్నారు. ఒకసారి ఆయన్ని నాన్న పనిచేసిన కొట్టుకి తీసుకెళ్లాను. వెనక గోడ నడుము ఎత్తు దాకా ఉబ్బి, రంగు లేచిపోయి, తెల్లటి ఉప్పు పొడిలా రాలుతోంది. ఆయన చేతి వేలితో కొట్టి చూశారు. డొల్ల చప్పుడొచ్చింది. జేబులోంచి చిన్న ఉలి తీసి పైపూత ఒక చెయ్యి మేర లేపారు. పైన సిమెంటు పూత, అంగుళం మందం. దాని వెనక సున్నం మెత్తగా ముద్దయిపోయి ఉంది. ఆ పూత లేని ఎత్తులో మరోచోట గీకితే పాత సున్నం రాయిలా ఉంది, ఉలి జారిపోయింది.

"చూడండమ్మా, గోడకి జబ్బు లేదండి. సిమెంటు పూసినోళ్లు చేశారండి ఇది. నేల్లోంచి ఎక్కిన తడి సున్నంలోంచైతే ఎప్పటికప్పుడు ఆరిపోద్దండి. సిమెంటు కప్పేస్తే ఎటూ పోలేదు కదండి, ఉప్పంతా లోపలే పొంగుద్ది," అన్నారు.

ఇంజినీరింగ్ పుస్తకం చెప్పేదీ అదే. సున్నం గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది, తేమని రానిచ్చి పోనిస్తుంది. దట్టమైన సిమెంటు పూత పోనివ్వదు. తడి, ఉప్పు దాని వెనక చేరి గోడని తినేస్తాయి. అంటే "కూలిపోయేలా ఉన్న" పాత గోడల్లో చాలావాటిని పాడుచేసింది వాటి వయసు కాదు, మనం చేసిన రిపేరు. రోగం తెలియకుండా మందేసి, ఆఖరికి రోగి చచ్చిపోయేలా ఉన్నాడని సర్టిఫికెట్ ఇస్తున్నాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అయితే యజమానుల్ని తిట్టి లాభం లేదు. ఆ కొట్టు ఇప్పుడు షావుకారుగారి మనవడి చేతుల్లో ఉంది. నన్ను అక్కా అంటాడు, మంచి కుర్రాడు. పడగొట్టే ఆలోచన ఉందని తెలిసి వెళ్లి మాట్లాడాను. అంతా విని, "అక్కా, నువ్వు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతావ్. వానొస్తే బకెట్లు పెట్టేది నేను. నలుగురు వాటాదారులం. ఇద్దరు అమెరికాలో ఉన్నారు, రిపేరుకి డబ్బు పంపమంటే పలకరు, అమ్ముదామంటే మాత్రం ఆ రాత్రే ఫోన్ చేస్తారు. పక్క పోర్షన్ అద్దె మా తాతగారి నాటిది, ఇంటిపన్ను కట్టడానికి కూడా రాదు. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావ్?" అన్నాడు. అతను అన్న దాంట్లో ఒక్కటి కూడా కాదనలేను.

చట్టాలు కూడా అతని వైపు లేవు. 1960లో మన రాష్ట్రంలో రెండు చట్టాలొచ్చాయి. ఒకటి ప్రాచీన కట్టడాల రక్షణకి. అది గుళ్లకీ కోటలకీ బౌద్ధ స్థలాలకీ ఉద్దేశించింది, బట్టల కొట్టు దాకా దాని చెయ్యి చాచదు. రెండోది అద్దెల నియంత్రణ చట్టం. అద్దెకున్న చిన్నవ్యాపారిని రాత్రికి రాత్రి గెంటేయకుండా కాపాడింది, అందుకు దాన్ని తప్పు పట్టను. కానీ పాత అద్దె పాతగానే ఉండిపోతే యజమాని రిపేరు ఎందుకు చేయిస్తాడు? ఖాళీ చేయించడానికి ఆ చట్టం ఒప్పుకున్న కారణాల్లో పడగొట్టి మళ్లీ కట్టుకోవడం ఒకటి. దాంతో ఏమైంది? కొట్టు మీద ఆదాయం పెంచుకోవాలంటే దగ్గర దారి దాన్ని కూల్చడమే అయింది. పాతికేళ్లు రిపేరు లేకుండా వదిలేస్తే కూల్చడానికి కారణం కూడా దానంతటదే దొరుకుతుంది.

ఇక రోడ్డు విస్తరణ. గోడ మీద ఎర్రరంగు గీత, పక్కన అడుగుల లెక్క. కోస్తా ఊళ్లలో ఆ గీత చూడనివాళ్లు ఉండరు. కొట్టు ముందు నుంచి 6 అడుగులో 8 అడుగులో తీసుకుంటారు. ఆ కొలతలో పోయేది ఏమిటో గమనించారా? సరిగ్గా వసారా. కమానులు, మెట్లు, మేడ వరండా, పిట్టగోడ, దాని మీద కట్టిన ఏడాది, అన్నీ ఆ ముందు భాగంలోనే ఉంటాయి. మిగిలిన తెగిన గోడకి షట్టరు బిగించి, ఏసీపీ అనే అల్యూమినియం షీట్లు తొడిగేస్తారు. బిల్డింగు ఉన్నట్టే ఉంటుంది, కానీ వీధికి ఇచ్చినదంతా పోయి ఉంటుంది.

"మరి ట్రాఫిక్ సంగతేంటి, పార్కింగ్ ఎక్కడ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ విస్తరించిన ప్రతి రోడ్డులోనూ ఆ కొత్త 8 అడుగుల్లో ఇప్పుడు ఏం ఉంది? ఆపిన బండ్లు. నీడలో మనుషులు నడిచిన జాగా తీసి బండ్లు పెట్టుకోవడానికి ఇచ్చాం. మెయిన్ రోడ్డుకి కావలసింది కాస్త అవతల ఒక పెద్ద పార్కింగ్ స్థలం, ఉదయం పదిలోపు సరుకు దించుకోవాలన్న నియమం, పండగ సీజన్లో సాయంత్రాలు కార్లకి సెలవు. దసరా ముందు వారం అక్కడ కారు ఎలాగూ కదలదు. ఆ వారమే కొట్లకి బేరాలు ఎక్కువ. కార్లు ఆగిపోతే వ్యాపారం ఆగిపోతుందన్న భయానికి ఆ వారం చాలు జవాబు.

ఇలాంటి చోట్ల ఏమైనా చేసినవాళ్లున్నారా అంటే ఉన్నారు. మన యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్లది, ఇప్పుడు పుదుచ్చేరితో కలిసి ఉంది. ఆ పుదుచ్చేరిలో పర్యాటకులందరూ ఫ్రెంచి వీధులే చూస్తారు. నాకు ముఖ్యమనిపించేది కాలవ అవతల తమిళుల వైపున్న వైశ్యాళ్ వీధి. వ్యాపారులైన కోమట్ల, చెట్టియార్ల వీధి అది. అక్కడ ఇళ్ల ముందుండే వసారాల్ని, అరుగుల్ని వరసగా బాగుచేశారు. పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థ దగ్గరుండి చూసుకుంది, ఖర్చులో కొంత భాగం యజమానికి సాయంగా ఇచ్చారు. 2008లో ఆ పనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది. ఒక్క మేడని మ్యూజియం చేయడం కంటే వీధి పొడుగునా ముందుభాగాలు బాగుచేయడం గొప్ప పని, ఎందుకంటే వసారా ఒంటరిగా ఉంటే దాని వల్ల పెద్ద ఉపయోగం లేదు. పక్క వసారాతో కలిస్తేనే దారి అవుతుంది.

బొంబాయిలో 1995లో వారసత్వ నిబంధనలు పెట్టినప్పుడు ఇంకో మెలిక వేశారు. పాత బిల్డింగు యజమాని తన స్థలంలో కట్టుకోవడానికి హక్కున్నా కట్టుకోలేకపోతున్న విస్తీర్ణాన్ని, ఊళ్లో ఇంకోచోట కట్టుకునేవాళ్లకి అమ్ముకోవచ్చు. అదే టీడీఆర్. ఈ మాట మన దగ్గర కొత్తేమీ కాదు. రోడ్డు విస్తరణలో స్థలం పోగొట్టుకున్నవాళ్లకి ఆంధ్రలో ఇస్తున్నవి టీడీఆర్ బాండ్లే. అంటే వసారా పడగొట్టి ఇచ్చినవాడికి బాండు దొరుకుతోంది. వసారా నిలబెట్టి జనం నడవడానికి వదిలినవాడికి ఎందుకు ఇవ్వకూడదు? రెండు చోట్లా యజమాని వదులుకున్నది అదే 6 అడుగులు, ప్రజలకి దక్కేదీ అదే 6 అడుగులు. నీడతో సహా ఇస్తున్నవాడికి ఇంకా ఎక్కువే రావాలి. నేను అడిగే మార్పుల్లో మొదటిది ఇదే. రెండోది, పక్కపక్క స్థలాలు కలిపి కట్టే ప్లాన్లకి కూడా కింద అంతస్తులో ముందుభాగం 12, 15 అడుగుల కొట్లుగా విడిపోయి ఉండాలన్న షరతు. మూడోది, సున్నం రిపేరుకి తక్కువ వడ్డీ అప్పు, సున్నం పని తెలిసిన మేస్త్రీల దగ్గర కుర్రాళ్లకి స్టైపెండ్ ఇచ్చి నేర్పించడం. గానుగ సున్నం పని చేతిలో ఉన్న మేస్త్రీలందరూ ముసలివాళ్లే, ఇది ఆలస్యం చేయడానికి లేదు.

2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన మొదటి 20 స్మార్ట్ సిటీల్లో కాకినాడ పేరుంది. కెమెరాలూ తెరలూ పెట్టుకోవడం తేలిక. ఎండలో నడిచే మనిషికి నీడ ఇవ్వడం అంతకంటే పాత తెలివి, దాన్ని స్మార్ట్ అనడానికి మనకి నోరు రావడం లేదు. రాజమండ్రిలో 1900లో తెరిచి 1997లో ఆపేసిన హేవలాక్ వంతెనని ఎలా కాపాడాలని మాట్లాడుకుంటున్నాం, మంచిదే. ఆ వంతెన మీంచి రైల్లో వచ్చిన సరుకు ఏ కొట్లకి చేరిందో ఆ కొట్ల గురించి కూడా ఎవరైనా మాట్లాడాలి. పాలకొల్లులో, నరసాపురంలో, అమలాపురంలో బజారు వీధుల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అక్కడివాళ్లు ఒక ఆదివారం తెల్లవారుజామున, కొట్లు తెరవకముందు, వీధి ఈ చివర నుంచి ఆ చివరికి ఫొటోలు తీసి, ఏ కొట్టు ఎంత వెడల్పో, ఏ పిట్టగోడ మీద ఏ సంవత్సరం ఉందో రాసి పెట్టండి. ఫ్లెక్సీ వెనక దాగినవి కూడా చూడండి. నాన్న పనిచేసిన కొట్టు మీద కిందటేడు తుఫాను గాలికి ఫ్లెక్సీ చిరిగినప్పుడు, "విక్రమ" అన్న అక్షరాలు బయటపడ్డాయి. 1940లో వచ్చిన విక్రమ నామ సంవత్సరం అది. వెనకభాగం ఇంకా పాతదైనా, ఆ ముందుభాగం అప్పుడు కట్టి ఉంటారు. యుద్ధానికి భయపడుతూ కూడా కట్టుకున్నారన్నమాట.

ఆ కుర్రాడు ఇప్పటికి కూల్చడం వాయిదా వేశాడు. నా మాట విని కాదు, మేస్త్రిగారు చెప్పిన ఖర్చు విని. మొత్తం పడగొట్టి కట్టేదానితో పోలిస్తే, వెనక గోడ సిమెంటు చెక్కించి సున్నం పూయించడం, కుళ్లిన వాసాలు మార్చడం చాలా తక్కువలో అయిపోతుంది. వాటాదారుల్లో ఒకావిడ సగం డబ్బు పంపడానికి ఒప్పుకుంది. మిగతా ఇద్దరూ ఇంకా తేల్చలేదు. పని కార్తీకంలో, వానలు తగ్గాక మొదలుపెడతామంటున్నారు. సున్నం మాత్రం ఇప్పట్నుంచే నానాలి, నెల తక్కువ కాకుండా. దొడ్లో పాత నుయ్యి పక్కన గొయ్యి తవ్వుదామంటే అక్కడ పక్క పోర్షన్ అద్దెకున్నాయన అట్టపెట్టెలు పేర్చుకున్నాడు. ఆదివారం ఆయనతో మాట్లాడటానికి ముగ్గురం కలిసి వెళ్తున్నాం.